సీమోళ్ళకి పడవ పందాలు ఎందుకప్పా అంటే

రోయింగ్ నేషనల్స్ చూడ్డానికి హైదరాబాద్ పోతున్నా, లీవు కావాలి అని అడిగితే మా ఆఫీసులో ఒకాయన కళ్ళజోడు కిందికి జరిపి చూసి, "కర్నూలోళ్ళకి ఎండాకాలం వస్తే తాగడానికే నీళ్ళు చాలవు, నీకు పడవ పందాలు కావాల్నా అప్పా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లీవు ఇచ్చారు లెండి. కానీ తిరిగొచ్చాక కూడా ఆ మాట బుర్రలోంచి పోలేదు. ఎందుకంటే ఆయన అన్నదాంట్లో ఒక పెద్ద తప్పుంది, అది ఆయన ఒక్కడి తప్పే కాదు, సీమలో మనమందరం మన గురించి మనం అనుకునే తప్పు. అది చెప్పాలనే ఈ పోస్టు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు ఆట గురించి. రోయింగ్ అనగానే మనవాళ్ళకి కేరళ పాము పడవలు గుర్తొస్తాయి. అది వేరు, ఇది వేరు. అక్కడ పడవలో వందమంది దాకా ముందుకి చూస్తూ కూర్చుని చేతిలో తెడ్డు పట్టుకుని నీళ్ళని తోస్తారు. రోయింగ్‌లో తెడ్డు పడవ పక్కకి పొడుచుకొచ్చిన కమ్మీల చివర కొక్కేనికి బిగించి ఉంటుంది, సీటు కింద చక్రాలుంటాయి, పాదాలు పడవకే బిగించిన బూట్లలో ఉంటాయి, మనిషి పడవ పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాడు. అంటే గెలుస్తున్నవాడికి ఓడిపోతున్నవాళ్ళందరూ ఎదురుగా కనిపిస్తారు, ఓడిపోతున్నవాడికి గెలిచేవాడు కనిపించడు. ఇంతకంటే క్రూరమైన ఏర్పాటు ఏ ఆటలో ఉందో నాకైతే తెలీదు.

చూసేవాళ్ళకి చేతుల ఆటలా ఉంటుంది గానీ బలం ఎక్కువగా కాళ్ళదే. మోకాళ్ళు గడ్డం దాకా మడిచి ముందుకి జారి, తెడ్డు నీళ్ళలో దించి, కాళ్ళతో పడవని తన్ని, ఆ తన్నుని నడుము మీదుగా చేతులకి పంపి, చివర్లో చేతులు పొట్టకి లాక్కుని, తెడ్డు పైకి తీసి, మళ్ళీ ముందుకి జారడం. ఇది ఒక స్ట్రోకు. ఇట్లాంటివి 2000 మీటర్ల రేసులో రెండొందలు దాటతాయి. ఒక్కొక్కరికి రెండు తెడ్లు ఉంటే స్కల్స్ అంటారు, ఒకటే పొడుగు తెడ్డు ఉంటే స్వీప్. స్కల్స్‌లో సింగిల్, డబుల్, నలుగురుండే క్వాడ్రపుల్. స్వీప్‌లో ఇద్దరి పెయిర్, నలుగురి ఫోర్, ఎనిమిది మంది ఎయిట్. సింగిల్ స్కల్ పడవ బరువు 14 కిలోలకి తగ్గకూడదని రూలు. ఎయిట్ పడవ 17 మీటర్ల పైన పొడుగుంటుంది, కనీస బరువు 96 కిలోలు. ఎక్కే మనిషే దాదాపు అంత ఉంటాడు ఒక్కోసారి. ఇంత పల్చటి పడవలో ఒకడు తల పక్కకి తిప్పినా మిగతావాళ్ళకి తెలిసిపోతుంది.

నేనేదో ఈ ఆట మీద భక్తితో పోలేదు. ఇంటర్‌లో నాతోపాటు చదివినవాడి కొడుకు ఒక జూనియర్ టీంలో ఉన్నాడు. వాళ్ళది నందికొట్కూరు వైపు పల్లె, ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. పిల్లోడు తొమ్మిదో తరగతిలోనే తండ్రిని దాటి పెరిగాడు, ఎవరో పీఈటీ సారు చూసి, నీ చేతులు బలే పొడుగున్నాయిరా అని తీసుకెళ్ళి పడవెక్కించాడు. అంతకుముందు వాడికి ఈత కూడా రాదు. ఇప్పుడు కాక్స్‌లెస్ ఫోర్‌లో, అంటే దారి చూపే మనిషి లేని నలుగురి పడవలో, మూడో సీటు.

హుస్సేన్ సాగర్ గట్టు మీద తెల్లవారుజామునే జనం ఉన్నారు. జనం అంటే మనం క్రికెట్‌కి చూసే జనం కాదు. తల్లిదండ్రులు, కోచులు, తమ రేసు కోసం ఎదురుచూసే పిల్లలు, జవాన్లు, టీ అమ్మేవాళ్ళు, వాకింగ్‌కి వచ్చి ఏందిదీ అని ఆగిపోయిన పెద్దమనుషులు. పొద్దెక్కితే గాలి లేచి నీళ్ళ మీద అలలు మొదలవుతాయి, అందుకే రేసులన్నీ వీలైనంత పొద్దున్నే పెడతారు. పడవల్ని బోర్లించి భుజాల మీద మోసుకుంటూ వస్తారు, నలుగురూ ఒకే అడుగు వేస్తూ, ఒకడు ఆదేశాలిస్తుంటే. నీళ్ళలో దించేటప్పుడు గట్టుకి తగలకుండా వాళ్ళు పడే జాగ్రత్త చూస్తే నాకే భయమేసి రెండడుగులు వెనక్కి జరిగాను. వాసన సంగతి చెప్పను, హుస్సేన్ సాగర్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

2000 మీటర్ల రేసు చూడ్డంలో ఒక చిక్కు ఉంది. ఫినిష్ దగ్గర కూర్చుంటే స్టార్టు కనిపించదు. మైకులో లేన్ల పేర్లు వినిపిస్తాయి, తర్వాత మొదలైంది అంటారు, తర్వాత చాలాసేపు నువ్వు చూసేది నీళ్ళ మీద ఆరు చిన్న గీతలు, అంతే. ఏది మనోడిదో తెలీదు. నా ఫ్రెండు బైనాక్యులర్ తెచ్చుకున్నాడు, చేతులు వణుకుతుంటే అందులోంచి ఏం కనిపిస్తుంది, నా చేతికిచ్చి "నువ్వే చూసి చెప్పరా, నాకు టెన్షన్" అన్నాడు. అక్కడ స్టార్టరు అటెన్షన్ అంటాడట, ఎర్ర లైటు వెలుగుతుంది, అది పచ్చగా మారిన క్షణంలో కదలాలి. ముందే కదిలితే వార్నింగు, రెండోసారి కూడా కదిలితే ఆ రేసులోంచి అవుట్. ఏడాదంతా చేసిన సాధన అట్లా పోయినవాళ్ళూ ఉంటారు.

మొదటి స్ట్రోకులు నిమిషానికి నలభై పైన రేటుతో కొడతారు, పడవ లేచి పరుగందుకున్నాక ముప్పైల్లోకి దిగి నిలదొక్కుకుంటారు, సగం దూరం దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది, చివర 250 మీటర్ల దగ్గర మిగిలిందంతా పెట్టేస్తారు. చెప్పడానికి ఇట్లా ఉంటుంది. పిల్లోడు తర్వాత చెప్పింది వేరు: "అంకుల్, పన్నెండొందల దగ్గర కాళ్ళు నావి కావనిపించింది, ముందున్నోడి వీపు ఒకటే కనిపిస్తుంది, వాడు జారితే నేను జారాలి, వాడు తన్నితే నేను తన్నాలి, ఇంకేం ఆలోచించలేదు." మా కర్నూలు వైపు తిరునాళ్ళలో ఎద్దులతో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. జతలో ఒక ఎద్దు ఎంత బలమైందైనా రెండోదాని అడుగుతో అడుగు కలవకపోతే బండ వంకర పోతుంది తప్ప ముందుకి రాదు. నాకు ఆ ఫోర్ చూస్తుంటే అదే కనిపించింది, నలుగురిలో బలవంతుడెవరో బయటివాళ్ళకి తెలీనే తెలీదు.

ఇంకో విషయం, కాక్స్‌లెస్ అంటే దారి చూపించే మనిషి పడవలో లేడని. మరి వెనక్కి తిరిగి కూర్చున్న నలుగురూ లేన్‌లో నేరుగా ఎట్లా పోతారు? ఒకడి బూటుకి తీగ కట్టి ఉంటుంది, ఆ తీగ చుక్కానికి పోతుంది. వాడు ఒకపక్క పూర్తి బలంతో తన్నుతూనే ఇంకోపక్క పాదం కొన తిప్పి పడవని సరిచేస్తుంటాడు. ఎయిట్‌లో మాత్రం కాక్స్ ఉంటాడు, చిన్నగా, తేలిగ్గా ఉండే మనిషి, ఒక్కడే ముందుకి చూస్తూ కూర్చుని అరుస్తుంటాడు. కాక్స్ 55 కిలోలకి తక్కువుంటే ఆ తేడా బరువు సంచిలో పెట్టి మోయాల్సిందే. గెలిచిన జట్టు తమ కాక్స్‌ని ఎత్తి నీళ్ళలో పడేయడం ప్రపంచమంతా ఉన్న ఆనవాయితీ. హుస్సేన్ సాగర్‌లో మాత్రం అది బహుమతో శిక్షో నేను చెప్పలేను.

అమ్మాయిల రేసు ఒకదాంట్లో రెండో స్థానంలో వస్తున్న పడవ ఒక్కసారిగా ఆగిపోయింది. ఒక తెడ్డు నీళ్ళలోంచి పైకి రావాల్సిన టైంకి రాకుండా ఇరుక్కుంది, పిడి వెనక్కి తన్ని ఆ అమ్మాయి పొట్టలో గుద్దింది. దీన్ని క్రాబ్ పట్టడం అంటారు, నీళ్ళ కింద పీత పట్టి లాగినట్టుంటుందని. మూడు నాలుగు సెకన్లు, అంతే, మిగతా పడవలన్నీ దాటిపోయాయి. వాళ్ళు మళ్ళీ తెడ్లు కలిపి చివరిదాకా కొట్టారు. చివరి స్థానం ఖాయమని తెలిసి కూడా పూర్తి రేటుతో. గట్టు మీద ఎవరూ వాళ్ళని ఓదార్చలేదు, కోచ్ కూడా ఏమీ అనలేదు, నీళ్ళ బాటిల్ ఇచ్చి పడవ మోయించాడు. నాకది బాగా నచ్చింది.

మనోళ్ళు హీట్స్‌లో నేరుగా ముందుకి పోలేకపోయారు, రెపిచేజ్‌లో కొట్టి ఫైనల్లోకి వచ్చారు, ఫైనల్లో ఐదో స్థానం. రెపిచేజ్ అంటే మొదటి రౌండులో తప్పినవాళ్ళకి ఇచ్చే రెండో అవకాశం. ఒకసారి ఓడినంత మాత్రాన ఇంటికి పంపించకుండా ఇంకోసారి చూద్దాం అనే ఆటలు తక్కువ. పిల్లోడు గట్టుకొచ్చాక నిలబడలేక గడ్డిలో వెల్లకిలా పడుకున్నాడు, పక్కన ఇంకొకడు వాంతి చేసుకుంటున్నాడు, వాళ్ళ నాన్న మాత్రం "అన్నం తిన్నావారా" అని అడుగుతున్నాడు.

ఇక అసలు సంగతికి వస్తా. ఆ గట్టు మీద తిరుగుతూ జట్ల పేర్లు చదువుతుంటే గమనించింది ఏంటంటే, మన దగ్గర నేషనల్స్‌లో దిగేది రాష్ట్రాల జట్లు, వాటితోపాటు సర్వీసెస్ జట్లు. పతకాల్లో మిలిటరీవాళ్ళ హవా ఎక్కువ. ఊరి పేరుతో, క్లబ్బు పేరుతో దిగే జట్లు కావివి. వేరే దేశాల్లో అట్లా కాదు. న్యూజీలాండ్ తీసుకోండి, యాభై లక్షల జనాభా ఉన్న దేశం, మన రాయలసీమలో మూడో వంతు. వాళ్ళ జాతీయ పోటీల్లో దిగేది క్లబ్బులు. ఫలానా ఊరి క్లబ్బు, ఫలానా నది ఒడ్డు క్లబ్బు. ఒకే వారంలో, ఒకే సరస్సు మీద ఆ ఏడాదే తెడ్డు పట్టిన నోవిస్ పిల్లల నుంచి ఒలింపిక్ పతకాలు తెచ్చినవాళ్ళ దాకా అందరూ. ప్రీమియర్ రేసు గెలిచినవాళ్ళకి ఎర్ర కోటు ఇస్తారు, దానికోసం ప్రాణం పెడతారు. సింగిల్ స్కల్స్‌లో 2012లోనూ 2016లోనూ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మహే డ్రైస్‌డేల్ ఆ దేశంవాడే, హామిష్ బాండ్, ఎరిక్ మర్రే జంట ఏళ్ళ తరబడి పెయిర్‌లో ఓటమన్నది ఎరగకుండా ఉన్నది కూడా అక్కడి నుంచే.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆ పోటీలు ఉత్తర దీవిలో కరాపిరో, దక్షిణ దీవిలో రువాటానివా అనే రెండు సరస్సుల మీద మారుమారుగా జరుగుతాయి. రెండూ దేవుడిచ్చిన సరస్సులు కావు. రెండూ జలవిద్యుత్ కోసం డ్యాములు కట్టగా నిలిచిన నీళ్ళు. కరాపిరోలో 2010లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా జరిగింది. ఆ మాటకొస్తే హుస్సేన్ సాగర్ కూడా 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టించిన చెరువే. కట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టడం సీమోళ్ళకి ఎవరైనా నేర్పాలా?

మనకీ పాత క్లబ్బులు లేకపోలేదు. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858లో పుట్టింది, అడయార్ నది మీద మద్రాస్ బోట్ క్లబ్ 1867లో, పుణెలో కూడా దాదాపు అప్పటిదే ఒకటుంది. తెల్లదొరలు సాయంత్రాలు గడపడానికి పెట్టుకున్నవి. మంచి క్లబ్బులే, మంచి రోయర్లని కూడా ఇచ్చాయి, కాకపోతే నందికొట్కూరు పిల్లోడు సైకిలేసుకుని వెళ్ళి చేరే రకం కావు. రోయింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది 1976లో. మధ్యలో ఉండాల్సిన మెట్టు, అంటే ఊరి క్లబ్బు, మనకి రానేలేదు. ఆ ఖాళీని ఆర్మీ నింపింది. పొడుగ్గా, గట్టిగా ఉన్న కుర్రాళ్ళని రెజిమెంట్ల నుంచి ఏరి పడవల్లో కూర్చోబెట్టింది. ఆర్మీ లేకపోతే ఈ ఆటలో మన దేశానికి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు, అది ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడు మా ఆఫీసాయనకి జవాబు. నీళ్ళు లేని చోట రోయింగా అన్నాడు కదా. రోయింగ్‌లో మన దేశానికి ఏషియన్ గేమ్స్ మొదటి స్వర్ణం 2010లో గ్వాంగ్‌జౌలో బజరంగ్‌లాల్ తాఖర్ తెచ్చాడు. ఆయనది రాజస్థాన్‌లో సీకర్ జిల్లా. సీకర్ ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి, అనంతపురం దాని పక్కన కోనసీమ. టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళిన ఇద్దరిలో అర్జున్‌లాల్ జాట్ కూడా రాజస్థానీయే. 2018 ఏషియన్ గేమ్స్‌లో క్వాడ్రపుల్ స్కల్స్ స్వర్ణం గెలిచిన నలుగురిలో స్వర్ణ్ సింగ్, సుఖ్‌మీత్ సింగ్ ఇద్దరూ పంజాబ్‌లో మాన్సా జిల్లావాళ్ళు, అదీ పత్తి పండే పొడి నేలే. ఇంకొకడు దత్తూ భోకనాల్.

దత్తూ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది అచ్చంగా మన కథ. నాసిక్ జిల్లా చాంద్వడ్ తాలూకాలో ఒక కరువు పల్లె. తండ్రితో కలిసి బావులు తవ్వే కూలిపని చేశాడు. నీళ్ళ కోసం భూమి తవ్వుకుంటూ పోయినవాడు, 2012లో ఆర్మీలో చేరాక మొదటిసారి పడవెక్కాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో పదమూడో స్థానం. ఆ రోజుల్లో వాళ్ళమ్మ కోమాలో ఉంది. 2018 ఏషియన్ గేమ్స్‌లో, ఇండోనేషియాలోని పాలెంబాంగ్‌లో, జ్వరంతోనే సింగిల్స్ ఫైనల్లో దిగి చివర్న వచ్చాడు, మర్నాడు అదే ఒంటితో మిగతా ముగ్గురితో కలిసి క్వాడ్‌లో స్వర్ణం గెలిచాడు. ఎండాకాలం మన పల్లెల్లో బోరు వేసి వేసి ఆరొందల అడుగులు పోయినా తడి తగలని రైతులు ఎంతమంది లేరు? వాళ్ళ పిల్లల్లో దత్తూలు లేరని ఎట్లా చెప్తాం?

అన్నిటికంటే విచిత్రం ఇంకోటి. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు రోయింగ్ పోటీలు జైపూర్ దగ్గర రామ్‌గఢ్ చెరువులో పెట్టారు. ఆ చెరువు తర్వాత్తర్వాత పూర్తిగా ఎండిపోయింది. దానిలోకి నీళ్ళు తెచ్చే వాగులకి ఎగువన అడ్డాలు, ఆక్రమణలు. ఏషియన్ గేమ్స్ ఆడిన చెరువు ఎండిపోయింది, ఆ రాష్ట్రం నుంచే మొదటి స్వర్ణం వచ్చింది. అంటే ఆటగాడు పుట్టడానికి ఊళ్ళో నీళ్ళుండాల్సిన పన్లేదు. తీసుకెళ్ళి పడవెక్కించేవాడు ఉండాలి.

అయినా కర్నూలుకి నీళ్ళు లేవని ఎవరన్నారు? ఊరే తుంగభద్రకీ హంద్రీకీ మధ్యన ఉంది. 2009 అక్టోబర్ వరదల్లో ఆ రెండూ కలిసి మనల్ని ఏం చేశాయో మర్చిపోయారా? మేడల మీద కూర్చుని రబ్బరు పడవల కోసం ఎదురుచూసిన ఊరు మనది. మా తరం కర్నూలోళ్ళకి పడవ అంటే మొదట గుర్తొచ్చేది ఆ రెండ్రోజులే, అందుకే కాబోలు పడవ మీద సరదా పుట్టలేదు. దానికి ముందు మాత్రం పడవ మనకి కొత్తేం కాదు. తుంగభద్రలో చేపలు పట్టేవాళ్ళ పుట్టి చూసే ఉంటారు, గుండ్రటి బుట్ట పడవ, తెడ్డు వెయ్యడం రానివాడెక్కితే ఉన్నచోటే గింగిరాలు తిరుగుతుంది. ఇక కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలవ. ఏటా వినాయకుడి నిమజ్జనానికి తప్ప మనం తలెత్తి చూడని ఆ కాలవని 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది పొలాలకి నీళ్ళకి మాత్రమే కాదు, సరుకు పడవలు నడపడానికి కూడా. సుంకేసుల నుంచి కడప దాకా మూడొందల కిలోమీటర్ల చిల్లర నీటి దారి. కంపెనీ నష్టపోయి 1882లో ప్రభుత్వం కొనేసింది, తర్వాత పడవలు ఆగిపోయాయి, కాలవ మిగిలింది.

కేసీ కెనాల్లో రోయింగ్ పెట్టమని నేను అనను. కాలవ నీళ్ళు వదిలినప్పుడు ప్రవాహం, వదలనప్పుడు బురద. ఎండాకాలం సెలవుల్లో అందులో ఈతకి దిగి పోయిన పిల్లల వార్తలు ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాం. రోయింగ్‌కి కావాల్సింది వేరు: రెండు కిలోమీటర్ల నేరు నీళ్ళు, ప్రవాహం లేకుండా, గాలి తక్కువగా, ఏడాదిలో ఎక్కువ నెలలు మట్టం మరీ మారకుండా. శ్రీశైలం వెనక జలాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, కానీ నిండితే మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, దిగిపోతే సంగమేశ్వరం గుడి మొత్తం బయటపడి జనం నడిచెళ్ళి దర్శనం చేసుకుంటారు. అంత తేడా ఉన్నచోట నీళ్ళ మీద తేలే బుడగలు కట్టి లేన్లు ఎట్లా వేస్తారు? సుంకేసుల బ్యారేజీ చిన్నది. నాకు ఆశ ఉన్నది అవుకు రిజర్వాయరు మీద. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మనదే. టూరిజం పడవలు ఇప్పటికే తిరుగుతున్నాయి, చుట్టూ కొండలు, బనగానపల్లె నుంచి దగ్గర. కడపోళ్ళు గండికోట అంటారు, అనండి, అదీ బాగానే ఉంటుంది. శిక్షణకైతే రెండు కిలోమీటర్లు కూడా అక్కర్లేదు, సబ్ జూనియర్లు తక్కువ దూరాలే ఆడతారు, సీనియర్ నేషనల్స్‌లో 500 మీటర్ల స్ప్రింట్లు కూడా ఉంటాయి. 2028 లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌లో అయితే 2000 కూడా లేదు, కోర్సుకి చోటు చాలక 1500 మీటర్లే.

డబ్బు సంగతి దాచను. ఖరీదైన ఆట. మంచి రేసింగ్ పడవ విదేశాల నుంచే తెప్పించుకోవాలి, సింగిల్‌కే లక్షలు, ఎయిట్ అయితే ఒక కుటుంబం ఇల్లు కట్టుకునే డబ్బు. కోచ్ కావాలి, వెంట తిరగడానికి మోటారు పడవ కావాలి, లైఫ్ జాకెట్లు, ముందు అందరికీ ఈత. కానీ మొదలుపెట్టడానికి ఎయిట్ అక్కర్లేదు. నేర్చుకునేవాళ్ళ కోసం వెడల్పాటి, బోల్తా పడని పడవలుంటాయి, రెండు మూడు చాలు. అంతకంటే ముందు ఎర్గోమీటర్, జిమ్ముల్లో మూల పడి ఉండే రోయింగ్ మెషీన్, అది చాలు ఎవడిలో ఊపిరుందో చెప్పడానికి. 2000 మీటర్ల ఎర్గో టైము చూసే సెలెక్షన్లలో సగం నిర్ణయం అయిపోతుందట. పిల్లోడు దాన్ని రేసుకంటే ఎక్కువ తిడతాడు.

ఇదంతా సీమలో అయ్యే పనేనా అంటే, అనంతపురంలో టెన్నిస్ ఎవరు ఊహించారు? రఫెల్ నాదల్ ఫౌండేషన్ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 2010లో అక్కడ టెన్నిస్ స్కూలు తెరిచింది, నాదల్ స్వయంగా వచ్చాడు. దేశంలోనే వానలు తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో పల్లె పిల్లలు రాకెట్ పట్టుకుని తిరుగుతున్నారు. అదే ఆర్డీటీ మైదానంలో 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆడారు. ఎవరో ఒకరు చోటిచ్చి, సామాను కొనిపెట్టి, రోజూ తలుపు తీస్తే పిల్లలు వచ్చేస్తారు. క్లబ్బంటే నా దృష్టిలో అంతే, తలుపు తీసే మనిషి. మెంబర్‌షిప్, బార్, పేకాట ఉండేది వేరే క్లబ్బు, అవి మనకి చాలా ఉన్నాయి.

మా ఇంట్లో ఈ మాటలు విని మా ఆవిడ అడిగిన ప్రశ్న: "ఉద్యోగం వస్తుందా?" న్యాయమైన ప్రశ్నే. నేషనల్స్ పతకానికి స్పోర్ట్స్ కోటాలో విలువుంది, ఆర్మీకి బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలున్నాయి, చిన్న వయసులోనే తీసుకుని చదువూ ఆటా రెండూ చూస్తారు. ఇవి రెండూ తెలియని పీఈటీ సార్లు కూడా మనకి చాలామంది ఉన్నారు, చెప్పేవాళ్ళు లేక. ఆరడుగుల పిల్లోడు కనపడితే వాలీబాల్, లేకపోతే ఫాస్ట్ బౌలింగ్, అక్కడితో ఆగిపోతుంది మన ఆలోచన. మా అమ్మ ప్రశ్న వేరు: "నీళ్ళలో పడితేనో?" ఆమెకి 2009 ఇంకా పోలేదు. ఈత రాకుండా ఎక్కనియ్యరమ్మా అని చెప్పాను, నమ్మలేదు.

ఇరిగేషన్‌లో పనిచేసే మా బంధువు ఒకడున్నాడు. అవుకులో నెలనెలా నీటి మట్టం ఎంతుంటుందో, మార్చి నుంచి జూన్ దాకా ఎంత దిగుతుందో ఐదారేళ్ళ లెక్క కావాలని అడిగాను. "దేనికి బావా, చేపల టెండరేమైనా వేస్తున్నావా" అన్నాడు. విషయం చెప్పాక కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, చూసి పంపిస్తా" అన్నాడు. ఇంకా పంపలేదు. సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తాను.